విప్పడానికి లేని టక్కులు

చెల్లెలి కూతురికి పావడ కొందామని నిన్న కర్నూలులో ఒక బొటిక్‌కి వెళ్లాను. ఒక పావడకు అంచు పైన అడ్డంగా మూడు టక్కులు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది.

"ఇవి విప్పితే ఎంత పొడుగొస్తుందమ్మా?" అని అడిగాను.

కౌంటర్‌లో అమ్మాయి నన్ను వింతగా చూసింది. "విప్పేదేంది ఆంటీ? లోపల గుడ్డ యాడుంది? పైన పట్టీలేసి కుట్టినారు. డిజైను."

డిజైనట! తోకలేని గాలిపటం కూడా డిజైనే అంటారు కాబోలు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. డోన్‌లో మా అమ్మ నా పావడకు మూరెడు గుడ్డ ఎక్కువే తీసుకునేది. ఆ ఎక్కువంతా టక్కుల్లోకి మడిచి కుట్టేది. ఏటా బడి తెరిచే ముందు బ్లేడుతో ఒక టక్కు విప్పేది. మడతలోంచి నిరుటి ఎర్రదుమ్ము రాలేది. ఎండ తగలని ఆ గుడ్డ, వెలిసిపోయిన పావడ మీద ముదురు నీలం పట్టీలా కొట్టొచ్చినట్టు కనిపించేది.

ఆ పట్టీ చూసి షావుకారు కూతురు నవ్విందని ఒకసారి ఏడుస్తూ ఇంటికొచ్చాను.

"నవ్వనీలేమ్మే," అంది అమ్మ, దారప్పోగులు ఏరుతూనే. "దానిది కొత్త పావడ, అంతే. నువ్వు ఎదిగినావని నీ పావడ ఊరందరికీ చెప్తాండాది."

బొటిక్ అమ్మాయి ఇంకా నచ్చజెబుతోంది. "వచ్చే ఏడాదికి పొట్టిదైతే పడేసి ఇంకోటి కొంటారు కదాంటీ!"

పావడను కౌంటర్ మీదే వదిలేసి వచ్చాను. పిల్ల ఎదుగుతుందన్న ఇంగితం లేనివాళ్లకు టక్కులెందుకు?