రాజమౌళి దవడ, సరస్వతి నూనె

హనుమకొండ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపే రాజమౌళి నా చిన్ననాటి దోస్తు. వద్దని మెట్లు దిగిపోతున్నవాడిని కూడా మాటలతో వెనక్కి తిప్పి కుక్కర్ అంటగట్టగలడు. అలాంటివాడి నోరు మూతపడింది.

ఒకరోజు షట్టర్ దించుతుంటే ఇనుప కొక్కెం జారి చెంపకు తగిలింది. రక్తం కారలేదు గానీ చెంప బోండాలా ఉబ్బింది. భార్య సరస్వతి ఆ సాయంత్రమే నువ్వుల నూనె కాచి, బలమంతా పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. కాలు బెణికినా, మెడ పట్టేసినా ఆ ఇంట్లో ఆమె చేతి నూనే మందు. రోజూ రుద్దింది. వాపు తగ్గింది, దవడ బిగుసుకుపోయింది. చివరికి ఇడ్లీని కూడా చిదిమి పళ్ల సందులోంచి తోసుకోవలసి వచ్చింది.

నేనే స్కూటర్ మీద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ స్కాన్ చూశాడు. దెబ్బ తగిలిన కండలో ఎముక పెరుగుతోందట. అది పూర్తిగా గట్టిపడ్డాక ఆపరేషన్ చేసి తీస్తారట.

"అప్పటిదాకా చెంప రుద్దొద్దు. రుద్దితే ఇంకా పెరగొచ్చు" అన్నాడు.

బయటికి రాగానే రాజమౌళి నా చెయ్యి పట్టుకుని, బిగిసిన పళ్ల మధ్య నుంచే అన్నాడు:

"సరస్వతికి చెప్పకురా. తన చేతులతోనే చేసిన అనుకుంటది. ఇగ అన్నం ముట్టది."

"మరి రుద్దుడు ఎట్ల ఆపుతవ్?"

"నువ్వున్నవ్ గదా. చిన్నప్పటి సంది అబద్ధాలే చెప్తానవ్. ఒక్కటన్న పనికొచ్చేది చెప్పు."

కాన్వెంట్‌లో ఈ విద్యకే సిస్టర్లు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టేవారు. అందుకేనేమో, ఇంటికి పోయి సరస్వతికి చెప్పిన కథ కూడా మోకాలి మీదికే పోయింది.

"చెల్లే, డాక్టర్ చెంపల మందు ఎక్కిచ్చిండు. నూనె తగిలితే జారిపోతది. కాజీపేటల ఒక రైల్వే గార్డు ఇనకుండ నూనె రాసుకుండు. మందు సర్రున మోకాలికి దిగింది. ఇప్పుడు ఆవులింత వస్తే నోటికి బదులు కాలు లేస్తాంది."

సరస్వతి నన్ను రెప్ప వేయకుండా చూసింది.

"అయ్యో పాపం" అని నూనె గిన్నె వంటింట్లోకి తీసుకుపోయింది. రాజమౌళి నాకు కన్ను కొట్టాడు.

మరుసటి వారం వెళ్లేసరికి రాజమౌళి కుర్చీలో వాలి కునుకు తీస్తున్నాడు. పక్కనే స్టూలు మీద సరస్వతి. ఆమె అరచేయి అతని చెంప మీద ఉంది.

"చెల్లే! గార్డు సంగతి మర్చిపోయినవా?"

"రుద్దుతలేనన్నా, ఊకె పెట్టిన" అంది మెల్లగా. "మొన్న నేనే డాక్టర్ కాడికి పోయి అడిగొచ్చిన."

నేను చప్పున రాజమౌళి వైపు చూశాను.

"నాకు తెల్సినట్టు ఆయనకు చెప్పకు" అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నా కోసం దాస్తాండు. దాసుకోనియ్యి."

కొంగు దించి అంది:

"ఆ గార్డుకు జర చెప్పు. ఆవులించేటప్పుడు ఎదురుంగ పెండ్లాం లేకుండ చూసుకొమ్మను."

రాజమౌళి కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆమె చేతి పక్కన పెదవి కొస మాత్రం చిన్నగా కదిలింది.