మ్యూజియంలో గుంటమగ్గం

పోయిన ఆదివారం పులివెందులలో మా చెల్లెలి ఇంట్లో కూర్చొని ఉంటే, దాని కూతురు టీవీలో మా ప్రొద్దుటూరు మ్యూజియం పెట్టింది. ఇప్పుడు మ్యూజియం చూడాలంటే మ్యూజియం దాకా పోనక్కర్లేదంట, రిమోట్ చేతిలో ఉంటే గదులన్నీ తిరిగి రావచ్చంట. ఆ పిల్ల బాణం గుర్తు నొక్కేసరికి గోడలు గిర్రున తిరిగి నాకు కళ్లు తిరిగినాయి. "మెల్లగా పోనీ తల్లీ, నేను నడిచేంత నిదానంగా పో" అన్నాను. "అంత నిదానం దీంట్లో లేదు పెద్దమ్మా" అంది. నాణేల గది దాటి, బంగారు అంగళ్ల గది దాటి, మగ్గం ముందర ఆగింది. "నువ్వు కమిటీలో ఉన్నావు కదా, దీని కథ ఏందో చెప్పు" అని అడిగింది. కాఫీలు చల్లారిపోతున్నాయని మా చెల్లెలు కేకేయడంతో అప్పుడు చెప్పింది కొంచెమే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మా మ్యూజియం మొదట మ్యూజియం కాదు, పత్తి గోడౌను. ఒక వ్యాపారి పోతూ పోతూ ఊరికి రాసిచ్చిన ఐదు గదుల కట్టడం. నేను ఆడపిల్లల హైస్కూల్లో హిస్టరీ చెప్పే రోజుల్లో ఊరి పెద్దలు కొందరు కమిటీగా కూడి, మన ఊరి చరిత్ర మన పిల్లలకు తెలియాలని తీర్మానం చేసి, ఆ తెలియజేసే పనిని నా నెత్తిన పెట్టినారు. గండికోట పక్క చేలో దొరికిన ఫిరంగి గుండు ఒకటి వచ్చింది. దొరికిన ఇంటివాళ్లు అన్నాళ్లూ దాన్ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. బంగారం తూచే చిన్న తరాజు వచ్చింది. పాదిరీల మిషన్ బడిలో ఒకప్పుడు మోగిన గంట వచ్చింది. ఎవరు ఎందుకిచ్చినారో తెలియని గడ్డి కూరిన ఎలుగుబంటి కూడా వచ్చింది. దాని గాజుకన్ను ఒకటి ఊడిపోతే గోలీకాయ పెట్టినాము. నిజం చెప్పాలంటే పిల్లలు వచ్చేది దాన్ని చూడడానికే. ప్రతి వస్తువుకూ అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో నేనే చీటీ రాసినాను. కొంచెంగా రాయడం నాకు చేతకాదు. తరాజు చీటీ తరాజు కంటే పెద్దది. అటెండరుగా ఉన్న అన్న పొద్దున్నే వచ్చి పాత లుంగీ గుడ్డతో అన్నీ తుడిచేవాడు. "వస్తువులు తుడిచేది బిరీన అయిపోతాది మేడమ్, మీ చీటీలు తుడిచేదానికే పొద్దుబోతాంది" అనేవాడు. అతని తమ్ముళ్లిద్దరూ కువైట్‌లో ఉన్నారు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఆ ఐదు గదులు విడిచిపెట్టి పోలేదు.

మగ్గం జమ్మలమడుగు నుంచి వచ్చింది. హాస్టల్లో ఉండి నా దగ్గర చదువుకునే ఒక పిల్లకు నాయన పోయినాడని తెలిసి, పలకరించడానికి వాళ్లింటికి పోయినాను. ముందరి గదిలో నేలలోకి గుంట, ఆ గుంట మీద మగ్గం, మగ్గం మీద మిరపపండు రంగు చీర, నల్లంచు. ఇంకా నేత కాలేదు. పిల్ల తల్లి నాకంటే నాలుగైదేండ్లు పెద్దది, అందుకని అక్కా అని పిలిచినాను. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మూడు నెలల తర్వాత మళ్లీ పోయినప్పుడు, మగ్గం ఇప్పేసి కట్టెలకు వేస్తామని పిల్ల చెప్పింది. మ్యూజియానికి ఇమ్మని నేను అడిగినాను. ఆ అక్క, "తీసకపో టీచరమ్మా. గుంట తవ్వి నిలబెట్టల్ల. పండబెట్టొద్దు" అంది. సరేనని మాటిచ్చినాను. ఆ వీధి నేతవాళ్లే వచ్చి, పోగు తెగకుండా బట్టతో సహా మోసుకొచ్చి, మా మూడో గదిలో గుంట తవ్వి నిలబెట్టి పోయినారు. నేను చీటీ రాసినాను: "నేత తప్ప వేరే లోకం తెలియని ఒక నేతన్న కడ ఊపిరి దాకా నేసిన చీర ఇది. మిగిలిన పోగులు ఇంకా ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి." కింద ఆయన పేరు, ఊరు రాసినాను. ఆ రెండో వాక్యం మీద నాకు చాలా గర్వంగా ఉండేది. చూడవచ్చిన వాళ్లు కొందరు దాన్ని నోటుపుస్తకాల్లో ఎక్కించుకునేవాళ్లు. నేను చూడనట్టు పక్కన నిలబడి చూసేదాన్ని.

ఇట్లా ఇరవై ఏండ్లకు పైన జరిగింది. నేను రిటైరైనాను. గోడలకు చెమ్మ ఎక్కింది, నా చీటీలు పసుపుపచ్చ బడినాయి. అప్పుడు కమిటీలోకి కొత్తగా వచ్చిన వాళ్లు మ్యూజియాన్ని ఆధునికం చేయాలని పట్టుబట్టి, విజయవాడ నుంచి ఒక డిజైనరమ్మాయిని పిలిపించినారు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు, మెడలో టేపు వేసుకొని గదులన్నీ కొలిచింది. "వస్తువులు ఎక్కువైపోయాయి మేడమ్, కథ కనపడటం లేదండి" అంది. ఒక్కో చీటీ నలభై మాటలు దాటకూడదని కూడా అంది. నేను రాసిన తరాజు చీటీని ఆమె వేలితో లెక్కపెడుతుంటే, పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లలాగా నిలబడినాను. ఎలుగుబంటి దగ్గరికి వచ్చి, "దీనికీ మీ ఊరికీ ఏమిటండి సంబంధం?" అని అడిగింది. "ఇరవై అయిదేండ్లుగా ఈడనే ఉండాది, ఇంకేం సంబంధం కావాల?" అన్నాడు అటెండరన్న. ఆ ఒక్క మాటతో ఎలుగుబంటి ఉండిపోయింది. మగ్గం మాత్రం ఉండలేదు. మూడో గది నేల ఎత్తి టైల్సు పరచాలి కాబట్టి, గుంట పూడ్చి, మగ్గం స్టోరులో పెట్టి, దాని చోట గోడ మీద మగ్గం నేసే వీడియో ఆడించాలని ఆమె ప్లాను. కదిలించాల్సిన వస్తువుల జాబితా తెచ్చి నా సంతకం అడిగినారు. అది నాలుగు పేజీలు. నాలుగో పేజీలో "మగ్గం, ఒకటి" అని ఉన్నది. నేను చదవకుండా సంతకం పెట్టినాను.

పనివాళ్లు మగ్గం ఎత్తిన రోజు నేను పులివెందులలో పెండ్లిలో ఉన్నాను. అటెండరన్న ఫోను చేసినాడు. "మేడమ్, కొత్త లైట్లు వచ్చినాయంటే నేను రైలు పార్సిలాఫీసుకు పోయి వచ్చేలోపల కోసేసినారు." ఏం కోసినారన్నా అంటే, "బట్ట" అన్నాడు. మగ్గం విడదీయడానికి అడ్డంగా ఉందని నేసిన బట్టను నడిమికి బ్లేడుతో కోసినారంట. పడుగు పోగులన్నీ చుట్టలు చుట్టి గోనెసంచిలో కుక్కినారంట. ఆ పనివాళ్లను అనేదానికేం లేదు. మగ్గం ఒకటి అని రాసిన కాగితం మీద కింద నా సంతకముంది. తెగిన బట్టను అన్న తెల్లగుడ్డలో చుట్టి తన బీరువాలో దాచిపెట్టినాడు. నేను తిరిగి వచ్చినాక చూసినాను.

జమ్మలమడుగు అక్కకు ఈ సంగతి చెప్పకుండా రెండు నెలలు గడిపినాను. ఎండలన్నాను, మోకాళ్లన్నాను. చివరికి డిజైనరమ్మాయే, "ఆ మగ్గం ఇచ్చినావిడ ఉన్నారా మేడమ్? వీడియోలో మాట్లాడిద్దాం" అంది. ఆమె ఇక్కడికి వచ్చి చూసేకంటే ముందు నేనే పోయి చెప్పడం మేలని, తెల్లగుడ్డ మూట సంచిలో పెట్టుకొని బస్సెక్కినాను.

అక్క అరుగు మీద కూర్చొని కందిపప్పు ఏరుతోంది. డెబ్బై దాటింది. కూతురు పెండ్లై మైలవరంలో ఉంది. నీళ్లిచ్చింది, తాగినాను, చెప్పినాను. ఏరుతున్న చేయి ఆగింది. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను. ఆమె అడిగింది మాత్రం, "యాడ కోసినారు? నేసిన కాడనా, పోగుల కాడనా?" అని. నేసిన కాడ అన్నాను. "తెచ్చినావా?" అంది. మూట విప్పినాను. చేతులు కొంగుకు తుడుచుకొని, బట్టను తొడ మీద పరచుకొని, అంచు పొడుగునా బొటనవేలు నడిపింది. ఒకచోట వేలు ఆగింది.

"ఈడిదాకా ఆయప్ప నేసింది. ఈడినుంచి నాది."

నాకు అర్థం కాలేదు. "ఏందక్కా నీది?"

"నేసింది. ఆయప్పకు కండ్లు మసకలు వచ్చి అప్పటికే పదేండ్లాయ. మగ్గం మీద కూసునేది నేను, ఆయప్ప పేరు మీద బట్ట పోయేది. ఈ చీర మటుకు నేనే మొదలుపెడ్తానని మొండికేసి కూసున్యాడు. జానెడు నేసినాడు. చూడు, ఒత్తుగా ఉండాది, యాడ సరిగా దెబ్బ పడిందో తెలీక రెండు మాట్లు కొట్టేవాడు. దినాలు అయినాక నేను మళ్లీ కూసున్యా. మూడు నెలలు నేసినా. కాళ్లు వాసిపాయ, నిలిపేసినా. అప్పుడే గదా నువ్వొచ్చింది."

మొదటిసారి నేను చూసినప్పుడు జానెడు ఉన్న బట్ట, రెండోసారికి ఆరు మూరలైంది. నేను హిస్టరీ టీచర్ని, రెండుసార్లూ ఆ మగ్గం పక్కనే కూర్చొని కాఫీ తాగినాను. "మరి అప్పట్లో మీరు మ్యూజియానికి వచ్చి చీటీ చూసినప్పుడు చెప్పలేదేమక్కా?" అన్నాను. "మా పాప చదివి వినిపించినాది. శానా బాగా రాసినావు. పోగులు ఎదురుచూస్తాండాయని రాసినావు గదా, ఇనేదానికి బాగుండె. ఆయప్ప పేరు గోడ మీద ఉంటే మంచిదేలే అనుకున్యా." కోపం లేకుండానే అంది: "నన్నెవురు అడిగినారు?"

కందిపప్పు చాట పక్కకు జరిపి, తనే ముందు పనిలోకి దిగింది. పోగులు పారేసినారా ఉన్నాయా, పోగులు దూర్చే అచ్చు విరిగిందా, గుంట ఎంత లోతు పూడ్చినారు అని వరసగా అడిగింది. "నిలబెడ్తానని చెప్పినావు, నిలబెట్టు. పోగులు నేను అతికిస్తా. నాకు చేతనైతాదో లేదో నాకే తెలీదు" అంది.

కమిటీ సమావేశంలో కొంచెం గొడవ జరిగింది. గుంట మళ్లీ తవ్వితే టైల్సు పగులుతాయని ఒకాయన, వీడియో చాలదా అని ఇంకొకాయన. అధ్యక్షుడికి మాత్రం చీటీ మార్చడమే ఇష్టం లేదు. "ఇప్పుడు మారిస్తే ఇన్నేండ్లు మనం తప్పు చెప్పినట్టయితాది గదమ్మా" అన్నాడు. "అయ్యేదేముంది, చెప్పినాము. రాసింది నేను" అన్నాను. అందరూ నా మొహం చూసినారు. నాకు అండగా వస్తుందని నేను అనుకోని మనిషి డిజైనరమ్మాయి. తెగిన బట్టను చేతిలోకి తీసుకొని, ఒత్తుగా ఉన్న జానెడునూ తక్కినదాన్నీ వెలుతురుకు పెట్టి చూసి, "నేను వెతుకుతున్న కథ ఇదేనండి" అంది. టైల్సు పగలగొట్టకుండా చెక్కతో ఎత్తుగా వేదిక కట్టించి, దాంట్లోనే కాళ్లు పెట్టుకునే గుంట వచ్చేటట్టు ఆ రాత్రికి రాత్రే బొమ్మ గీసి పంపింది. గోడ మీది వీడియో మాట ప్లానులోంచి ఎగిరిపోయింది.

అక్క నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండి పనిచేసింది. గోనెసంచిలోంచి పోగులు తీస్తే పిచ్చుకగూడు మాదిరి ఉండె. ఇరవై ఏండ్ల నూలు, ముట్టుకుంటే తెగేది. మా వంటింట్లో గంజి కాచి, దూదితో అద్ది, ఆరబెట్టి, ఒక్కొక్క పోగునూ వేళ్ల మధ్య మెలిపెట్టి అతికించింది. అవతలి కొస పట్టుకొనేది అటెండరన్న. "బిగబట్టొద్దప్పా, పాలిచ్చే మేక తాడు పట్టుకున్నట్టు పట్టుకో" అనేది. అతను అట్లనే పట్టుకునేవాడు, నమాజు వేళకు మాత్రం ఆ కొస నా చేతికిచ్చి పోయేవాడు. నా చేతిలో ఉన్నప్పుడే ఎక్కువ తెగినాయి. మూడోరోజు ఒక వైపు పోగులు పిడికెడు ఊడిపోతే, ఇక నావల్ల కాదని అక్క కాళ్లు చాపుకొని గోడకు ఆనుకుంది. డిజైనరమ్మాయి ఫోను పక్కన పెట్టి, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకొని ఒత్తింది. ఇదంతా ఫోనులో వీడియో తీయాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మరుసటి రోజు సాయంకాలానికి అక్క గుంటలోకి కాళ్లు దించి, అడ్డపోగు నాడె విసిరి, నాలుగు వేళ్ల వెడల్పు కొత్త బట్ట నేసింది. చేయి వణికినచోట వంకర పోయింది. దాన్ని విప్పలేదు. "ఇది కూడా నాదే" అంది.

తెగిన ముక్కను మగ్గం పక్కన గాజు చట్రంలో పెట్టినాము. కొత్త చీటీ ముప్పై ఎనిమిది మాటలు. రాసిన తర్వాత అక్కకు చదివి వినిపించి, మార్చేది ఉంటే చెప్పమన్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎవరికీ అట్లా చెప్పి ఎరగను. దాంట్లో వాళ్లాయన పేరు నేను పూర్తిగా తీసేసినాను. ఆమె తలాడించలేదు. "అది తీసేసినావేంటికి? జానెడు ఆయప్పది ఉండాది గదా. ముందర నా పేరు రాయి, కింద ఆయప్పది రాయి." అట్లనే రాసినాను. నలభై ఒకటైంది. డిజైనరమ్మాయి లెక్కపెట్టి, అట్లనే అచ్చుకు పంపింది.

తిరిగి తెరిచిన తర్వాత కొన్ని శనివారాలు అక్క బస్సెక్కి వచ్చి బడి పిల్లలకు నేత చూపించేది. తర్వాత మోకాళ్లు సాగక మానుకుంది. నేను అప్పుడప్పుడూ జమ్మలమడుగు పోయి వస్తుంటాను, ఇప్పుడు ఇంకా కొన్ని సంగతులు అడుగుతుంటాను, ఆమెకు ఓపిక ఉన్నంత చెబుతుంది. పాత చీటీని ఆ మగ్గం ముందు నిలబడి ఎన్ని వందలసార్లు గట్టిగా చదివినానో నాకే తెలియదు. ఆమెకు చెప్పడానికి పట్టింది ఒక్క మధ్యాహ్నం. నాకు అడగడానికి ఇరవై రెండేండ్లు పట్టింది, అదీ ఎవరో బట్ట కోస్తే తప్ప నోరు పెగల్లేదు.