అత్త కోసం సాగదీసిన మిడి ఫైలు

నేను డోన్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే రోజుల్లో, ఒక సాయంత్రం మా మేనత్త ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. ఊళ్లో మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. పాస్టరు పాట నంబరు చెప్పి ఊరుకుంటాడు. ముందు వరసలో ఉన్న అత్త తనకు తోచిన శ్రుతిలో మొదటి మాట అందుకుంటే తక్కినవాళ్లు వెంట వస్తారు. ఆమె నోరు విప్పకముందు ఇంకెవరూ విప్పరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయి, ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. ఇంక పాడొద్దని, పాడితే ఉన్న మాట కూడా పోతుందని కర్నూలు డాక్టరు చెప్పేశాడు.

"చర్చిలో ఆ పెట్టె ఊరికే పడుండాది గదరా," అంది గుసగుసగా. "నువ్వు నేర్చుకో. ఈస్టరుకు నువ్వే ఎత్తుకోవల్ల."

ఆ పెట్టె ఎవరో దాత ఇచ్చిన ఎలక్ట్రానిక్ కీబోర్డు. వాయించే అతను ఉద్యోగం వచ్చి కడపకు వెళ్లిపోయాక దాన్ని ముట్టినవాళ్లు లేరు. నేర్పేవాళ్లూ లేరు. కంప్యూటర్ వచ్చినవాడికి ఇదొక లెక్కా అనేది అత్త వాదన. రెంటికీ మీటలుంటాయట!

పాస్టరును అడిగి కీబోర్డు ఇంటికి తెచ్చుకున్నాను. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీలో పియానో నేర్పే ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. దానికి మిడి ఫైలు ఇవ్వాలి. మిడి ఫైలులో శబ్దం ఉండదు, ఏ మీట ఎప్పుడు నొక్కాలి, ఎంతసేపు పట్టుకోవాలి అన్నది మాత్రం ఉంటుంది. దాన్ని బట్టి తెర మీద రంగు గీతలు నడుస్తాయి, వాటిని చూస్తూ మనం మీటలు నొక్కాలి. వింటే ఎంత సులువో! కీబోర్డును కంప్యూటర్‌కు కలిపే కేబుల్ కోసం కర్నూలంతా తిరిగితే ప్రతి షాపులోనూ "ఏమప్పా, ప్రింటరుకా?" అని అడిగారు. హైదరాబాదు నుంచి తెప్పించి తగిలిస్తే శబ్దం రాదు. నానా తంటాలు పడితే వచ్చింది, అదీ మీట నొక్కిన కాసేపటికి. ఇంటర్నెట్‌లో అడిగితే, ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసిన సోర్సు కోడు అందరికీ అందుబాటులోనే ఉంది, మీరే సరిచేసుకోవచ్చు అని ఎవరో పుణ్యాత్ముడు జవాబిచ్చాడు. డబ్బిచ్చి కొన్నదైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఉచితంగా ఇచ్చినవాణ్ణి ఏమని తిడతాం?

నెట్ సెంటరులో దించుకున్న, ఈస్టరుకు పాడే పునరుత్థానం పాట పూర్తి బ్యాండుతో ఉంది. నా కంప్యూటరులో వాయిద్యాలన్నీ, డ్రమ్ములతో సహా, పియానోగానే మోగాయి. అటక మీది గిన్నెలన్నీ ఒకేసారి కింద పడ్డట్టుంది. అక్కరలేనివి ఏరి పారేసి రాగం ఒక్కటీ మిగుల్చుకునేసరికి కరెంటు పోయేది. మళ్లీ మొదటికి.

ఇంత అవస్థ పడి ఒక చరణం చేతికి వచ్చాక అత్తకు వాయించి చూపించాను. మొహం చిట్లించింది.

"యాడికిరా ఆ పరుగు? వెనకాలోల్లు అందుకోవల్ల గదా. పాదం చివర సాగదీయ్."

"ఎంత సాగదీయాలత్తా?"

"వాళ్లు అందుకునేదాకా."

మిడి ఫైలులో ఆ సంగతి ఎక్కడ రాయాలి? ఇంకో ఉచిత సాఫ్ట్‌వేరులో ఫైలు తెరిచి, ప్రతి పాదంలో చివరి స్వరాన్ని మౌసుతో పట్టి లాగుతూ కూర్చున్నాను. ఆమె పక్కన చేరి బల్ల మీద అరచేత్తో కొడుతూ "ఇంగా... ఇంగా... శానా అయింది, తగ్గించు" అనేది. మర్నాడు వచ్చి అదే పాదాన్ని ఇంకోలా మార్చమనేది. నిన్న ఇలా చెప్పలేదు కదా అంటే, "నిన్న మబ్బు పట్టిండె. ఈ పొద్దు ఎండ. ఎండకు జనాలకు దమ్ము సాలదు" అనేది. నాకు జుట్టు పీక్కోవాలనిపించేది.

శ్రుతి దగ్గర ఇంకో రగడ. ఆమె ఎత్తుకునే శ్రుతికి సరిపోయేలా పాటను కిందికి దించి, మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఎవురు దించమన్న్యారు? నా గొంతుకు దిగి దిగి ఆడపిల్లోల్లంతా కిందనే పాడతాండారు. పెంచు. ఇంగ నేను పాడేది లేదు గదా."

పెంచాను.

ఈస్టరు ఆరాధనలో పాస్టరు పాట నంబరు చెప్పాడు. నేను మొదటి పాదం వాయించి, జనం అందుకుంటారని చూశాను. ఒక్క తప్పు పోలేదు. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి చూపూ ముందు వరసలో అత్త మీదే. ఆమె పెదవులు బిగించుకుని, కానీయమన్నట్టు నాకేసి గడ్డం ఎగరేసింది. మళ్లీ వాయించాను. పాస్టరు గొంతు సవరించుకున్నాడు గానీ ఆయనా ఎత్తుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పెద్ద శబ్దం చేస్తుంటే ఈ మనుషులకు చెవులు లేవా? నా తిప్పలన్నీ ఎవరి కోసం?

పంతం పట్టి ఇంకోసారి మొదలుపెట్టాను. అప్పుడు అత్త లేచి జనం వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమెకు దగ్గరగా ఉన్న నాకే ఏమీ వినపడలేదు. పెదవులు మాత్రం మొదటి మాట పలికాయి. అంతే, ఆడవాళ్లు అందుకున్నారు, వాళ్ల వెంట మగవాళ్లు. పెంచిన శ్రుతిలోనే పాట సాగింది. పాట అయ్యేదాకా ఆమె పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

బయటికి వచ్చాక, వెనక వరసలో కూర్చునే ఒక పెద్దామె అత్త చేతులు పట్టుకుంది.

"ఏమక్కా, గొంతు బాగయినట్టుండాదే! ఎంత బాగా ఎత్తుకుంటివి!"

అత్త నవ్వి తల ఊపింది. కీబోర్డు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ దానికంటే ముందు ఏడుపు వచ్చింది.