పెద్దమ్మ బ్యాటరీకి పోసిన నీళ్ళు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో తుఫాను ఉంది, కూలిన చెట్లున్నాయి, ప్రాణం నిలబెట్టే యంత్రం ఉంది, అక్కాతమ్ముళ్ళ ప్రేమ ఉంది, ఇప్పటిదాకా బయటపడని అబద్ధం కూడా ఒకటుంది. ఇంత ఊరించాక అసలు సంగతి ఒప్పుకోకపోతే బాగుండదు కాబట్టి చెప్పేస్తున్నాను, ఇది రెండు ఇన్వర్టరు బ్యాటరీల గురించి. వాటిలో ఏ నీళ్ళు పోయాలి, ఏవి పోయకూడదు అన్నంతవరకే ఈ కావ్యం. జ్ఞాపకాలు రాసుకునేంత వయసు నీకింకా రాలేదని మా ఆవిడ అంటోంది గాని, కరెంటు పోగానే వీధి వీధంతా ఒక్క గొంతుతో అరిచిన రోజులు, మళ్ళీ రాగానే ఇంకా గట్టిగా అరిచిన రోజులు గుర్తున్న ప్రతివాడూ నా లెక్కలో ముసలివాడే. ఇది వాళ్ళ కోసం.

పోయిన వారం బందరులో మా ఇంటికి కొత్త బ్యాటరీ వచ్చింది. లిథియంది, గోడకి తగిలించే తెల్లటి పెట్టె, చూడటానికి గీజరుకి తమ్ముడిలా ఉంది. బిగించడానికి వచ్చిన మనిషి ఇస్త్రీ చొక్కాతో వచ్చి ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళిపోయాడు, అదే నాకు మొదట వింతగా తోచింది. మా దగ్గరే ఉంటున్న పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకొని ఆ పెట్టెని పైనా కిందా చూసి, దీనికి నీళ్ళెక్కడ పోస్తారు బాబూ అని అడిగింది. దీనికి నీళ్ళే అక్కర్లేదండీ, అసలు మూతే ఉండదు అని అతను నవ్వాడు. వరండాలో కూర్చొని కాఫీ తాగుతున్న మావయ్య గ్లాసు కింద పెట్టేశాడు. జరిగింది ఇంతే. కానీ ఆ కాఫీ మళ్ళీ ఎవరూ తాగలేదు.

మావయ్య అంటే పెద్దమ్మకీ మా అమ్మకీ తమ్ముడు. బందరులో ఆయనకి బ్యాటరీల షాపు ఉండేది. డిగ్రీ చదివి, ఆ డిగ్రీతో ఏం చెయ్యాలో తెలియక నేను అక్కడే పనికి చేరాను. గిలకలదిండి పడవల బ్యాటరీలు, బంటుమిల్లి వైపు చెరువుల మీద మోటారు షెడ్లలో ఉండేవి, పెళ్ళిమండపాలవి, ఆసుపత్రులవి, అన్నీ మా దగ్గరికి వచ్చేవి. యాసిడ్ తుంపర పడితే చొక్కాకి ఆ పూట ఏమీ కాదు, ఉతికి ఆరేసినప్పుడు చిల్లులు బయటపడతాయి. అందువల్ల మా ఇంటి దండెం మీద బట్టల్లోంచి ఆకాశం కనపడేది. పెళ్ళిచూపులకి వేసుకోవడానికి నా దగ్గర చిల్లు లేని చొక్కా లేకపోవడం వల్ల ఆ ముచ్చట కొంత ఆలస్యమైంది కూడా.

మావయ్యకి బ్యాటరీ దగ్గర ఒక భక్తి ఉండేది. ముట్టుకునేముందు ఉంగరం, గడియారం తీసి జేబులో వేసుకునేవాడు. స్పానరు పిడికి సైకిలు ట్యూబు చుట్టేవాడు, జారి, వైర్లు బిగించే రెండు కొసలకీ ఒకేసారి తగిలితే నిప్పులు కురుస్తాయని. కింద చెక్క పలక వెయ్యకుండా నేల మీద పెట్టనిచ్చేవాడు కాదు. ఛార్జింగ్ అవుతున్న గదిలో కిటికీ మూసి ఉంటే, బ్యాటరీ లోపల్నుంచి వచ్చే గ్యాసుకి ఒక్క అగ్గిపుల్ల చాలని, అది గీసినవాడికి ఆ సంగతి చెప్పుకునే తీరిక కూడా ఉండదని, కస్టమర్లకి కాఫీలు ఇప్పించి మరీ చెప్పేవాడు. వాళ్ళు కాఫీ తాగి, బ్యాటరీని తీసుకెళ్ళి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకునేవారు. మా షాపు పేరు చెబితే ఆ చుట్టుపక్కల ఒక నమ్మకం. మావయ్య మంచిదన్న బ్యాటరీ మంచిది, బాలేదన్నది బాలేదు, అంతే. ఆయన సంపాదించిందల్లా ఆ మాట ఒక్కటే.

పెద్దమ్మావాళ్ళది దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రం వాసన వచ్చే ఊరు. పెద్దనాన్న బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడేవాడు. మైకు అక్కర్లేని గొంతు. ఊపిరి మొత్తం ముందే ఖర్చుపెట్టేశాడేమో, అరవై దాటాక ఊపిరితిత్తులు మొరాయించాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి గొట్టం ద్వారా ముక్కుకి అందించే మిషను, కరెంటుంటేనే పనిచేస్తుంది. ఆ ఊళ్ళో కరెంటు సంగతి తెలిసినవాళ్ళకి ఇక నేను విడమరచి చెప్పనక్కర్లేదు. మావయ్య తన షాపులో ఉన్నవాటిలోకెల్లా మంచి బ్యాటరీలు రెండు ఏరి, మేమిద్దరం మోసుకెళ్ళి బిగించాం. తన మంచం కిందే పెట్టమని పెద్దనాన్న గొడవ. మావయ్య ఒప్పుకోలేదు. కిటికీ ఉన్న పక్కగదిలో చెక్క పలక వేసి, కొసలకి వాజిలిన్ రాసి, బిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"ఏరా బావమరిదీ, ఇది ముందు పోద్దా, నేను ముందు పోతానా?" అన్నాడు పెద్దనాన్న, గొట్టం సర్దుకుంటూ.

"నీ సంగతి నువ్వు చూసుకో బావా. దీని సంగతి నాకొదిలెయ్యి" అన్నాడు మావయ్య.

మొదటి ఏడాది మావయ్య మాట నిలబెట్టుకున్నాడు. నాగాయలంక బస్సెక్కి వెళ్ళి, మూతలు తీసి చూసి, తగ్గినంత మేరకి డిస్టిల్డ్ వాటరు పోసి వచ్చేవాడు. ఆ క్రిస్మస్‌కి వెళితే, చదునుగా ఉంది కదా అని పెద్దమ్మ బ్యాటరీ మీద కొవ్వొత్తి వెలిగించిందట. ఈయన దాన్ని ఆర్పి, ముందుగది కిటికీలో పెట్టి, ఈ గది కిటికీ బార్లా తెరిచి వచ్చాడట. తర్వాత ఆయనకి మోకాలు ఆపరేషనైంది. నన్నేమో గుడివాడలో ఒక ఆసుపత్రి బ్యాటరీలు చూడటానికి పంపించాడు. నీళ్ళ పని పెద్దమ్మకి అప్పజెప్పి, ఫోన్లో అంతా వివరించి, సీసాలు పార్సిల్ చేశాడు. మూత మీద మట్టం చూపించే పుల్ల కిందికి దిగితే నీళ్ళు పొయ్యి, పైకి లేస్తే ఆపు. పెద్దమ్మ అంత శ్రద్ధగా ఆ పని ఇంకెవరూ చెయ్యలేరు. పొద్దున్నే మొదట పెద్దనాన్న మొహం, తర్వాత ఆ పుల్ల మొహం చూసేది.

ఇక్కడ ఆ ఊరి నీళ్ళ గురించి చెప్పాలి. బోరు వేస్తే ఉప్పు. కాలవకి చివరి ఊరు కాబట్టి ఎప్పుడో వదిలే నీళ్ళు చెరువులో పట్టి, ఆడవాళ్ళు బిందెలతో మోసి, గుడ్డతో వడకట్టి, పటిక తిప్పి తాగుతారు. ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం లేదని చెప్పొచ్చు, ఆ నీళ్ళు గ్లాసుడు ఇవ్వకపోతే మాత్రం ఆ ఇల్లు ఇల్లు కాదు. బోరు నీళ్ళిచ్చారని చుట్టరికాలు మానుకున్నవాళ్ళు నాకు తెలుసు. అలాంటి చోట, మొగుడి ఊపిరిని మోస్తున్న బ్యాటరీకి ఏ నీళ్ళు పోస్తారు? పెద్దమ్మ సీసా మూత తీసి వాసన చూసింది, నాలిక మీద వేసుకుంది. రుచి లేదు, పచి లేదు. చచ్చిన నీళ్ళు. మనిషి తాగనివి దానికెలా పొయ్యడం? మనసొప్పలేదు. బిందె మీద గుడ్డ తీసి, తాము తాగే నీళ్ళలోంచే, తేరిన పైనీళ్ళు చూసి పోసింది. నెల నెలా, ఎక్కడా లోటు రాకుండా.

బ్యాటరీ వెంటనే చావదు. చెరువు నీళ్ళలోని మట్టీ ఉప్పూ పటికా లోపలి పలకల మీద పేరుకుంటూ పోతాయి. పైకి దీపం వెలుగుతూనే ఉంటుంది. అది ఎంత డొల్లయిందో కరెంటు ఎక్కువసేపు పోయేదాకా ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది తుఫాను పొద్దున్నే వచ్చింది. వస్తోందని విని నేను ముందురోజే గుడివాడ నుంచి బందరు వచ్చేశాను. కరెంటు పోతే మిషను సాయంత్రందాకా బ్యాటరీల మీద నడుస్తుంది, ఈలోపు ఆ ఊరి రొయ్యల చెరువులాయన జనరేటరు తెచ్చి పెడతాడు, ఇదీ మా ఏర్పాటు. కరెంటు పోయిన కాసేపటికే పెద్దమ్మ ఫోను. ఇన్వర్టరు అరుస్తోంది తమ్ముడూ అంది. వెనక మిషను కూడా అరవడం వినిపించింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు దారికని ఉంచిన చిన్న సిలిండరు తిప్పమని మావయ్య చెబుతుండగానే లైను పోయింది.

నిండా ఛార్జింగున్న బ్యాటరీలు రెండు ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని బయల్దేరాం. చల్లపల్లి దాటాక చెట్లు రోడ్డుకి అడ్డంగా పడుకొని ఉన్నాయి. ఆటో అక్కడే ఆగిపోయింది. బ్యాటరీని వంచకూడదు, యాసిడ్ ఒలుకుతుంది. అందుకని రెంటినీ నిటారుగా పట్టుకొని, వానలో, మానులు ఎక్కుతూ దిగుతూ, దొరికినవాళ్ళ సాయం, దొరికిన బండి సాయం తీసుకుంటూ వెళ్ళాం. మావయ్య కుంటుకుంటూ, ప్రతి మాను మీదా కాసేపు కూలబడుతూ, వంచకండ్రా, వంచకండి అని అదే మాట. సినిమాల్లో అయితే సరిగ్గా సమయానికి చేరేవాళ్ళం. మేము మర్నాడు చేరాం. సిలిండరు మధ్యాహ్నానికే అయిపోయిందట. జనరేటరున్న ట్రాక్టరు బురదలో కూరుకుపోయి సాయంత్రానికి వచ్చిందట. పెద్దనాన్న ఆ రెంటికీ మధ్యలో వెళ్ళిపోయాడు. మా బ్యాటరీలు మాత్రం చుక్క ఒలకకుండా వచ్చాయి.

సమాధి పని అయ్యాక మావయ్య పక్కగదిలోకి వెళ్ళి మూత తీశాడు. మూత చుట్టూ తెల్లగా గారపట్టి ఉంది, లోపల అడుసు. ఆ గదిలో మంచం కింద చూస్తే తను పంపిన సీసాలు సీళ్ళు కూడా విప్పకుండా వరసగా ఉన్నాయి, మూత తీసింది ఒక్కటే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నీ సీసాలు వాడలేదురా తమ్ముడూ. మేం తాగే నీళ్ళే పోశాను, ఏనాడూ తక్కువ చెయ్యలేదు. మరి ఎందుకు ఆగిపోయింది?"

మావయ్య మూత మళ్ళీ బిగించాడు, చాలా నెమ్మదిగా.

"నీళ్ళు సరిపోయాయక్కా. బ్యాటరీ పీసే మంచిది కాదు. నేనే చూసుకోలేదు."

నేను ఆ గదిలో నిలబడి ఏడ్చానని రాస్తే బాగుంటుంది. కానీ యాసిడ్ తగిలిన చేత్తో కళ్ళు ముట్టుకోకూడదన్నది మా షాపులో మొదటి రూలు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ పెద్దమ్మ ఆ మాటే చెప్పింది. కోపంతో కాదు, అడిగారు కాబట్టి చెప్పింది. మా తమ్ముడే ఇచ్చాడు, పీసు మంచిది కాదంట. ఆ మాట అవనిగడ్డ దాటి, పులిగడ్డ వంతెన దాటి, బస్సు కంటే ముందే బందరు చేరింది. సొంత అక్కకే పాడు సరుకు అంటగట్టినవాడు మనకేం ఇస్తాడు? దివిసీమ బేరాలు ముందు ఆగాయి, తర్వాత బంటుమిల్లివి. ఎవరైనా మొహం మీదే అడిగితే మావయ్య, అవునండీ, అది బాలేదండీ అని ఒప్పుకునేవాడు. షాపు షట్టరు దించే ముందు నేను ఉండబట్టలేక, నిజం చెప్పేద్దాం మావయ్యా అన్నాను.

"చెబితే షాపు నిలబడుద్దేమో అల్లుడూ. మరి అక్కకి మంచినీళ్ళు గొంతు దిగుతాయా?" అన్నాడు.

ఇప్పుడక్కడ సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. పెద్దమ్మ బైబిలు తప్ప ఇంకేమీ చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కొత్త పెట్టె బిగించాక పెద్దమ్మ దాన్ని చేత్తో నిమిరి, ఇలాంటిది అప్పుడే వచ్చుంటే బాగుండేది కదరా తమ్ముడూ అంది. మావయ్య తలూపాడు. నిజమే, బాగుండేది. ఇప్పటి బ్యాటరీలకి మన నీళ్ళతో పని లేదు, మన శ్రద్ధతో అసలే పని లేదు, ప్రేమ కొద్దీ తప్పు చేద్దామన్నా మూత ఉండదు. ఎవరికి ఎవరు ఎంత చేశారో తెలియకుండానే రోజులు గడిచిపోయేలా ఉన్నాయి. మావయ్య లేచి కుంటుకుంటూ వచ్చి, పెట్టెకీ పక్క అలమరకీ మధ్య చెయ్యి దూర్చి చూసి, అక్కకి జాగ్రత్తలు చెప్పాడు.

చుట్టూ జానెడు ఖాళీ వదలాలి. అప్పుడప్పుడు పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి. తడిగుడ్డ వాడకూడదు.