మూడో డిస్కు

పాత కంప్యూటరు మూత విప్పగానే తడిసి ఆరిన దుమ్ము వాసన తగిలితే, ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అన్నపూర్ణ మేడం గుర్తొస్తారు.

శ్రీకాకుళంలో డయాలిసిస్ చేసే ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్ల పని ఆమెది. కళింగపట్నంలో చేపలమ్ముకునే ఇంట్లో పుట్టి, తంటాలు పడి చదువుకున్న మనిషి. గొంతు పెద్దది, మాట సూటి. నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే.

ఒక తుపాను రాత్రి కిటికీ విరిగి, వాన నేరుగా సర్వరు మీద కొట్టింది. మదర్‌బోర్డు పోయింది. నకళ్లు దాచిన యంత్రమూ తడిసిపోయింది. మిగిలినవి సర్వరులోని డిస్కులే. కొన్ని డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా, అంటే లాజికల్ వాల్యూమ్‌గా వాడేవాళ్ళం కాబట్టి, అన్నీ చేరితేనే పూర్తి సమాచారం దొరుకుతుంది. తెల్లవారాక వాటిని విప్పి, పై అంతస్తులోని మరో లినక్స్ కంప్యూటరుకు బిగించాను.

బయట బెంచీ మీద రోగులు ఎదురుచూస్తున్నారు. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో ఆ డిస్కుల్లోని వాళ్ళ వివరాలు చూశాకే డాక్టరు నిర్ణయించాలి. కాళ్ళు వాచిన ఒక ముసలి రైతు గుమ్మంలోకి తొంగిచూసి అడిగాడు.

"ఏటమ్మా, మా పేర్లు పోనాయా?"

 ఒక డిస్కు కనబడటం లేదని తెర మీద వస్తోంది. కనబడనిదాన్ని జాబితాలోంచి తీసేసే ఆదేశం ఒకటుంది. అది నడిస్తే ఆ డిస్కులోని వివరాలు ఇక దొరకవని నాకు తట్టలేదు. టైపు చేసి, మీట నొక్కబోయాను.

"ఆగు! ఏటి సేస్తన్నావు?" మేడం నా మణికట్టు పట్టుకున్నారు. "ఎన్ని తెచ్చినావు?"

"రెండు మేడం. ఉన్నవి అవే."

"ఆ రెండూ మూడోదుందని సెప్తన్నాయి కదే! నువ్వు లేదంటావేటి? ఎల్లి సూడు."

వెళ్ళి చూశాను. సర్వరు అడుగున, రేకు వెనకాల, మూడో డిస్కు ఉంది. దాన్ని బిగించాక వాల్యూమ్ తెరుచుకుంది. ఒక్కొక్క పేరూ వచ్చింది. ముసలాయనను లోపలికి పిలిచారు.

మధ్యాహ్నం మేనేజరు ఆలస్యం ఎవరివల్లని గద్దించాడు. నేను నోరు తెరిచేలోగా మేడం అన్నారు:

"నాదే సార్. మూడున్నాయని పిల్లకి సెప్పలేదు."

ఆయన అందరి ముందూ ఆమెను నానా మాటలూ అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. తరువాత కూడా ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండేళ్ళకు గుండెపోటుతో ఆమె పోయారు.

ఇప్పుడు నా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకు డిస్కులు మార్చే పని నేనే నేర్పుతాను. ముందుగా చెప్పేది ఆదేశాలు కాదు. ఒకప్పుడు చూసుకోకుండా ఒక డిస్కు వదిలేసి వచ్చాననీ, ఆ తప్పు నాదేననీ చెబుతాను. ఆమె బతికుండగా ఆ మేనేజరు ముందు అనవలసిన మాట అది.