మూడింట రెండొంతులు మాయం

నవ్వితే నవ్వండి గాని, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్ల ఒక అమాయకుణ్ణి ల్యాబ్‌లో పెట్టి బయట గడియ వేసిందంటే మీరు నమ్ముతారా? ఆ పిల్లను నేనే.

వరంగల్‌లో చదువుతున్న రోజులు. మా ల్యాబ్‌కు రేడియేషన్ కొలిచే కొత్త సిలికాన్ డిటెక్టర్ వచ్చింది. ఏదైనా కణం వచ్చి సిలికాన్‌ను గుద్దితే ఎలక్ట్రాన్లు లేచిపోతాయి. ఒక్కొక్కటీ లేచినచోట ఒక ఖాళీ, అంటే హోల్, మిగులుతుంది. ఇలాంటి జతలు ఎన్ని పుట్టాయో యంత్రం చెబుతుంది. ఎలక్ట్రాన్ లేవాలంటే దాటాల్సిన శక్తి గోడ ఎత్తు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులని పుస్తకంలో ఉంది. ఇంకేం, కణం శక్తిని దాంతో భాగించేశాను. తెర చూశాను. రావాల్సిన జతల్లో మూడోవంతు కూడా లేవు!

డిటెక్టర్ బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇమ్రాన్ అప్పుడే బ్యాగు సర్దుకుంటున్నాడు.

"అన్నా, ఇది నకిలీ మాల్!"

"అరే, సీల్ మీ ముందటనే తీసిన గదమ్మా!"

"మరి మిగతా జతలు ఏడికి పోయినయ్?"

"నాకేం ఎరుక? నేను బిగించెటోన్ని. జర జల్దీ చెప్పు, నా రైలున్నది."

దొంగకే కదా తొందర! చప్పున బయటికొచ్చి గడియ పెట్టాను. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన మా బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, మోసం! మూడింట రెండొంతులు మాయం!"

తూకంలో దెబ్బతిన్న రైతుకు ఆ ఒక్క మాట చాలదా? యార్డులో ఉన్న మా ఊరివాళ్లందరినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని దిగాడు.

"ఏడున్నడు వాడు?"

"అమ్మా, నీకు దండం పెడ్త, మంచినీళ్లన్న ఇయ్యి!" అని లోపలినుంచి ఇమ్రాన్.

అంతలో మా ప్రొఫెసర్ వచ్చి నిర్ఘాంతపోయారు. గడియ తీశారు. నా లెక్క చూసి తల పట్టుకున్నారు.

"1.1 గోడ ఎత్తేనమ్మా! కణం గుద్దితే ఒక్కో జతకు సగటున 3.6 ఖర్చవుతది. గోడ దాటంగ మిగిలింది చాలావరకు సిలికాన్‌ను అదిరించి వేడిగా పోతది. యంత్రం మంచిగనే ఉన్నది."

నేను ఇమ్రాన్‌కు చేతులు జోడించాను. బాపు మాత్రం వదల్లేదు.

"గట్లయితే సారూ, మిగిలింది తిన్నదెవరు?"

"సిలికానే."

బాపు ఊరివాళ్ల వైపు గర్వంగా తిరిగాడు. "ఇన్నరా? ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టకున్నా నా బిడ్డ పట్టింది!"

ఇమ్రాన్ రైలు అప్పటికే కాజీపేట దాటిపోయింది.

సిలికాన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట 3.6తో భాగించి చూడనిదే ఎవరిమీదా గడియ పెట్టను.