ఎదురుగాలి లెక్క

మా ఆయన లియాండర్ ఏ దూరాన్నయినా విమానంతోనే కొలిచేవాడు. ఆయన మాత్రం జన్మలో విమానం ఎక్కలేదు. మా రేవులోని చేపల ఫ్యాక్టరీలో చేరి, ఆ వాసనతోనే రిటైరయ్యాడు.

"ఏమయ్యా, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?" అని అడిగితే, "విమానంలో అయితే రెప్పపాటు దూరం. గాలి కలిసొస్తే అంత కూడా పట్టదు" అనేవాడు. వినీ వినీ నాకు ఓపిక పోయింది. ఉప్పు నేనే వెతుక్కునేదాన్ని.

మా రేవులో సగం ఇళ్ల మగాళ్లు ఈ తూర్పు తీరం వదిలి, కెనడాలో పడమటనున్న అల్బర్టాలో చమురు తవ్వే పనికి పోతారు. మూడు వారాలు అక్కడ, వారం ఇక్కడ. వాళ్లు తిరిగొచ్చే రోజున ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: అక్కడి ఎడ్మంటన్ నుంచి మన విమానాశ్రయం సెయింట్ జాన్స్‌కి ఎంతసేపు?

"నాలుగు వేల కిలోమీటర్ల పైమాట, డోరీన్. పైగా ఎదురుగాలి. తొమ్మిది గంటలు" అన్నాడు మా ఆయన ఓసారి, పక్కింటి డోరీన్ అడిగితే.

"టికెట్టు మీద అయిదున్నరే ఉంది కదా బాబాయ్?"

"మన గడియారం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందు. అది ఎవరు కలుపుతారు?"

"అది కలిపే చెప్పాడు మా ఆయన. బయల్దేరే వేళ మన టైములోనే చెప్పాడు."

"అయితే ఇంకోసారి కలుపు. పోయేదేముంది?"

రేవంతా నవ్వేది. చర్చి మెట్ల మీద కూడా నన్ను ఆపి, మొగుడికి కాస్త లెక్కలు నేర్పమనేవారు. తలెత్తుకోలేక చచ్చేదాన్ని.

ఓ జూన్‌లో పొగమంచు కమ్మి, డోరీన్ భర్త ఎక్కిన విమానం మా దాకా రాలేక దారిలోనే హాలిఫాక్స్‌లో దిగిపోయింది. పిల్లలు ఏడుస్తూ ఉంటారని వాళ్లింటికి పరుగెత్తాను. తీరా చూస్తే బల్ల చుట్టూ కూచుని రొట్టెకి బెల్లప్పాకం పూసుకుంటున్నారు.

"కంగారెందుకు పిన్నీ? బాబాయ్ లెక్కలో ఇంకా టైముంది" అంది డోరీన్.

చీకటి పడకముందే అతను గుమ్మంలో నిలబడ్డాడు. "నాన్న ముందే వచ్చేశాడు!" అని పిల్లలు ఎగిరారు.

ఇంటికొచ్చి నిలదీశాను. "కావాలనే తప్పు కూడుతున్నావా?"

"టీ కెటిల్ ఇక్కణ్ణుంచి ఎంత దూరం?" అన్నాడు.

ఆయన ఆఖరి రోజున మా అమ్మాయి బెర్నిస్ ఎడ్మంటన్‌లో విమానం ఎక్కింది. సాయంత్రం దాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు. ఆయన కళ్లు తలుపు మీదే.

"ఎంతసేపట్లో వస్తుంది?"

"పన్నెండు గంటలు" అన్నాను.

"నా తొమ్మిదికి మూడెందుకు కలిపావే?"

"ఎదురుగాలి."

నవ్వబోతే దగ్గొచ్చింది. "పడమటి నుంచి వచ్చేవాళ్లని గాలి వెనక నుంచి తోస్తుంది, పిచ్చిదానా. ఇన్నేళ్లూ ఎవ్వరూ పట్టుకోలేదు."

కళ్లు మాత్రం మూయలేదు. తొందరేం లేదన్నట్టు, తీరిగ్గా చూస్తూ పడుకున్నాడు.

ఎండ ఇంకా కిటికీలో ఉండగానే బెర్నిస్ సంచీతో సహా లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఆయన కూతుర్ని చూశాడు, గడియారం చూశాడు, నన్ను చూశాడు.

"ఇదేమిటే, అప్పుడే వచ్చేశావు?" అన్నాడు. "మీ అమ్మ లెక్కలో నువ్వింకా సగం దారిలోనే ఉన్నావు."